వరదకు దారి చూపిన విశ్వేశ్వరయ్య

చెన్నై నగరంలోని పెరంబూరుకు వాయవ్య దిశగా కొన్ని మైళ్ళ దూరంలో పుళల్ చెరువు ఉంది. దీనినే రెడ్‌హిల్స్ చెరువు అని కూడా అంటారు. నగర ప్రజల దాహం తీర్చే జలాశయాలలో ఇది ఒకటి. అంత నీటిని ఆపి ఉంచుతున్నది ఒక పొడవైన మట్టికట్ట. మన పల్లెలలోని చెరువులు కూడా చాలావరకు ఇటువంటివే. వాననీరు పారే పల్లానికి అడ్డంగా మట్టి పోసి, గట్టిగా దిమ్మిస చేసి, లోపలివైపు రాళ్ళు పరచి కట్ట వేస్తారు. పొలాలకు నీరు వదలడానికి తూము ఉంటుంది. చెరువు నిండిన తరువాత మిగిలిన నీరు పొర్లిపోవడానికి అలుగు ఉంటుంది. అలుగు చాలకపోతే నీరు కట్ట మీదుగా పొర్లుతుంది. పొర్లిన నీరు మట్టిని కోసివేస్తుంది. చూస్తుండగానే గండి పడుతుంది. ఊరికి అన్నం పెట్టిన చెరువే ఊరిని ముంచుతుంది.

చూడటానికి ఇది చిన్న విషయమే. కాని వేలాది ప్రాణాలు పోయిన తరువాత గాని దీని తీవ్రత హైదరాబాదు నగరానికి తెలిసిరాలేదు. అప్పుడు ఆ నగరాన్ని మరల అటువంటి ఆపద నుండి కాపాడే ఉపాయం చెప్పిన ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య.

విశ్వేశ్వరయ్య 1861 సెప్టెంబరు 15వ తేదీన చిక్కబళ్ళాపురం దగ్గర ఉన్న ముద్దేనహళ్ళి గ్రామంలో జన్మించారు. తండ్రి శ్రీనివాసశాస్త్రి సంస్కృత పండితుడు. తల్లి వెంకటలక్ష్మమ్మ. వారిది తెలుగు కుటుంబం. వారి పూర్వులు గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం గ్రామం నుండి మైసూరు రాజ్యానికి వలస వెళ్ళారు. ఊరు విడిచి తరాలు గడచినా ఆ ఊరి పేరు ఇంటిపేరుగా నిలిచిపోయింది. తెలుగునాటికి దూరంగా ఉంటూ తెలుగు మాట్లాడే ఎన్నో కుటుంబాలలో వారిదీ ఒకటి.

విశ్వేశ్వరయ్య బాల్యంలోనే తండ్రి మరణించాడు. చదువుకోవాలన్న పట్టుదల ఉన్నా చేతిలో డబ్బు లేదు. బెంగుళూరులో మేనమామ అండగా నిలిచాడు. విశ్వేశ్వరయ్య పిల్లలకు ట్యూషన్లు చెప్పి తన ఖర్చులకు సంపాదించుకొంటూ సెంట్రల్ కళాశాలలో చదివారు. ఆ రోజులలో ఆ కళాశాల మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండేది. 1881లో ఆయన బి.ఏ. పట్టా పొందారు. తరువాత మైసూరు ప్రభుత్వం ఇచ్చిన విద్యార్థి వేతనంతో పూనా వెళ్ళి ఇంజనీరింగు చదివి, 1883లో ప్రథమ స్థానంలో ఉత్తీర్ణులయ్యారు. మరుసటి సంవత్సరం బొంబాయి ప్రభుత్వంలో అసిస్టెంటు ఇంజనీరుగా ఉద్యోగంలో చేరారు.

నీటిని నిలువచేయడం, అవసరమైనప్పుడు దానిని విడిచిపెట్టడం ఆయన జీవితమంతా చేసిన పని. పూనా దగ్గర ఖడక్‌వాస్లా ఆనకట్టకు 1903లో ఆయన రూపొందించిన తలుపులు అమర్చారు. నీటిమట్టం ఒక హద్దు దాటగానే ఆ తలుపులు వాటంతట అవే తెరచుకొంటాయి. వరద తగ్గగానే వాటంతట అవే మూసుకొంటాయి. వాటివల్ల ఆనకట్ట ఎత్తు పెంచకుండానే ఎక్కువ నీరు నిలువచేయడం సాధ్యమయింది. ఆనకట్టకు ప్రమాదమూ తప్పింది.

1908లో విశ్వేశ్వరయ్య బొంబాయి ప్రభుత్వ సేవ నుండి తమంతట తామే విరమించుకొని విదేశ యాత్రకు వెళ్ళారు. అదే సంవత్సరం సెప్టెంబరు 28వ తేదీన హైదరాబాదులో ఘోర విపత్తు సంభవించింది. ఎడతెగని వానలకు మూసీనది పొంగి నగరం మీద పడింది. వంతెనలు మునిగాయి. నది ఒడ్డున ఉన్న పేటలు కొట్టుకొనిపోయాయి. సుమారు 15,000 మంది మరణించారని అంచనా. అఫ్జల్‌గంజ్ వద్ద ఒక చింతచెట్టు ఎక్కి 150 మంది ప్రాణాలు దక్కించుకొన్నారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని ఆ చెట్టు ఆ రాత్రికి సాక్షిగా నిలిచింది.

అప్పటి నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం విశ్వేశ్వరయ్యను ఆహ్వానించింది. యూరపు పర్యటనలో ఉన్న ఆయన తిరిగివచ్చి 1909లో హైదరాబాదులో పని మొదలుపెట్టారు.

నగరాన్ని ముంచింది మూసీయే అయినా, ఆయన పరిశీలన నగరంతో ఆగలేదు. ఆ నీరు ఎక్కడ నుండి వచ్చిందో తెలుసుకోవడానికి నది ఎగువకు వెళ్ళారు. వర్షపాతం లెక్కలు సేకరించారు. వరద జాడలు కొలిపించారు. ఎగువ ప్రాంతంలోని చెరువులన్నిటినీ లెక్క కట్టారు. చిన్నవీ పెద్దవీ కలిపి 788 చెరువులు ఉన్నట్లు తేలింది. దాదాపు చదరపు మైలుకు ఒక చెరువు! వాటిలో 221 చెరువులు ఆ వరదలో తెగిపోయాయి.

ఆ చెరువులు చాలావరకు గొలుసుకట్టుగా ఉండేవి. పై చెరువు అలుగు నీరు కింది చెరువులో చేరుతుంది. మామూలు రోజులలో ఇది ఎంతో మేలైన ఏర్పాటు. ఒక్క చుక్క కూడా వృథా కాదు. కాని కుంభవృష్టి కురిసినపుడు పైచెరువు తెగితే, ఆ నీరంతా ఒక్కసారిగా కింది చెరువు మీద పడుతుంది. దాని కట్ట కూడా తెగుతుంది. ఇలా ఒక కట్ట తరువాత ఒక కట్ట తెగి, వాన నీటికి చెరువుల నీరు తోడై మూసీలో చేరింది. నగరం వద్ద ఆనాటి వరద సెకనుకు 4,25,000 ఘనపుటడుగులని ఆయన అంచనా వేశారు. అంత నీటిని ఇముడ్చుకొనే శక్తి ఆ నదికి లేదు.

నగరం చుట్టూ ఎత్తయిన గోడలు కడితే చాలునని ఆయన అనుకోలేదు. వరదను నగరానికి రాకముందే ఎగువన ఆపాలి. ఆపిన నీటిని, నది ఇముడ్చుకోగలిగినంత మేరకే కొద్దికొద్దిగా విడిచిపెట్టాలి. అందుకు వరద వచ్చేనాటికి జలాశయంలో ఖాళీ చోటు ఉండాలి. ఇదే ఆయన సూచన సారాంశం. మూసీ మీద ఒకటి, ఈసీ వాగు మీద ఒకటి, రెండు జలాశయాలు కట్టాలని 1909లో నివేదిక సమర్పించారు. నగరంలో నది ఒడ్డులను కట్టుదిట్టం చేయాలని, మురుగునీటి పారుదలకు ఏర్పాట్లు చేయాలని కూడా సూచించారు.

ఆ సూచనల ప్రకారం మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920 నాటికి, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927 నాటికి పూర్తయ్యాయి. వరద నుండి రక్షించడానికి కట్టిన ఈ జలాశయాలు హైదరాబాదు ప్రజలకు తాగునీరు కూడా అందించాయి.

1909లోనే విశ్వేశ్వరయ్య మైసూరు రాజ్యానికి చీఫ్ ఇంజనీరు అయ్యారు. కావేరి మీద కృష్ణరాజసాగర్ నిర్మాణానికి పూనుకొన్నారు. 1912 నుండి 1918 వరకు మైసూరు దివానుగా పనిచేశారు. 1955లో భారత ప్రభుత్వం ఆయనను భారతరత్న బిరుదుతో గౌరవించింది. నూరేళ్ళు నిండిన తరువాత 1962 ఏప్రిల్‌లో ఆయన కన్నుమూశారు. ఆయన జన్మదినమైన సెప్టెంబరు 15ను మన దేశంలో ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకొంటున్నారు.

విశ్వేశ్వరయ్య చెప్పిన మాట నేటికీ పాతబడలేదు. 2015 డిసెంబరులో చెన్నైలో కురిసిన పెద్ద వానలకు చెంబరంబాక్కం చెరువు నిండి, నీరు విడువవలసి వచ్చింది. అడయారు నది పొంగి ఎన్నో ఇళ్ళు మునిగాయి. 2020 అక్టోబరులో హైదరాబాదులోనే చెరువులకు గండ్లు పడి బస్తీలు నీట మునిగాయి. నీరు నిలిచే చోట ఇళ్ళు కట్టినా, నీరు పోయే కాలువను చెత్తతో పూడ్చినా వరదకు దారి మూసినట్లే. పెరంబూరు ప్రాంతం గుండా పారే ఓట్టేరి నాలా వంటి కాలువలు మామూలు రోజులలో మన కంటికి ఆనవు. వానాకాలంలో మాత్రం పేటలకు పేటలే వాటి మీద ఆధారపడతాయి.

చెరువుకు కట్ట ఎంత ముఖ్యమో అలుగు కూడా అంత ముఖ్యం. నీటిని నిలుపుకోవడం తెలిసిన ఊరు పంట పండించుకొంటుంది. నీటికి దారి విడవడం కూడా తెలిసిన ఊరు ప్రాణాలు నిలుపుకొంటుంది. తెగిన చెరువులను ఒక్కొక్కటిగా లెక్కపెట్టి విశ్వేశ్వరయ్య మనకు నేర్పిన పాఠం ఇదే.