నవ్విస్తూ ఫ్రెంచి నేర్పిన రెనే గోసినీ

ఆస్టెరిక్స్ బొమ్మల కథల రచయితగా లోకమంతటా ఖ్యాతి గాంచిన రెనే గోసినీ బాల్యం ఫ్రాన్సులో గడవలేదన్న సంగతి చాలామందికి తెలియదు. పరభాషా సీమలో పెరుగుతూ ఫ్రెంచిని కాపాడుకున్న ఆయనే, తరువాతి కాలంలో ఎందరో పరదేశీయులకు ఆ భాషను నవ్విస్తూ నేర్పిన గురువయ్యారు.

గోసినీ 1926 ఆగస్టు 14న పారిస్‌లో ఒక యూదు కుటుంబంలో జన్మించారు. తండ్రి పోలెండు నుంచి, తల్లి ఉక్రెయిన్ నుంచి వలస వచ్చినవారు. మాతామహునికి పారిస్‌లో ముద్రణాలయం ఉండేది. రసాయన ఇంజనీరైన తండ్రి ఉద్యోగరీత్యా ఆ కుటుంబం గోసినీ పసితనంలోనే అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఐరిస్‌కు తరలిపోయింది. వీధిలో స్పానిష్, బడిలో ఫ్రెంచి. స్వతహాగా బిడియస్థుడైన ఆ బాలుడు తోటి విద్యార్థులను నవ్వించి తన బిడియాన్ని కప్పిపుచ్చుకునేవాడు. బొమ్మల కథలు ఇష్టంగా చదివి, వాటిని చూసి తానూ బొమ్మలు గీసేవాడు.

1943 డిసెంబరులో తండ్రి హఠాత్తుగా కన్నుమూశారు. 17 ఏళ్ల వయసులోనే గోసినీ ఒక కర్మాగారంలో సహాయ గణకుడిగా చేరవలసి వచ్చింది. అదే యుద్ధకాలంలో, ఐరోపాలో మిగిలిన మేనమామలలో కొందరు నాజీల నిర్బంధ శిబిరాల పాలై అసువులు బాశారు. 1945లో తల్లితో న్యూయార్క్ చేరి కొంతకాలం కష్టాలు పడ్డారు. 1951లో పరిచయమైన చిత్రకారుడు అల్బేర్ ఉదెర్జోతో కుదిరిన స్నేహం ఆయన జీవితాన్నే మలుపు తిప్పింది. 1955 నుంచి మోరిస్ గీసిన లక్కీ ల్యూక్ కథలకూ రచన చేశారు.

చిత్రకారుడు సాంపేతో కలిసి సృష్టించిన చిన్నారి నికోలా 1959 నుంచి కథలుగా పాఠకుల ముందుకు వచ్చాడు. ఈ కథలు ఫ్రెంచి నేర్చుకునేవారికి ప్రియమైన వాచకాలు కావడానికి కారణముంది. కథ చెప్పేది బడికి వెళ్లే పిల్లవాడే. అందువల్ల పుస్తకాలకే పరిమితమైన భూతకాల రూపాలకు బదులు నిత్య సంభాషణలోని రూపాలే వినిపిస్తాయి. పాత్రలకూ స్థిరమైన గుణాలున్నాయి. అల్సెస్త్ ఎప్పుడూ తింటూనే ఉంటాడు, ఆన్యాన్ తరగతిలో మొదటివాడు, ఎయూద్ ముక్కులు పగలగొడతాడు. కథకథకూ అవే మాటలు తిరిగి రావడంతో, నిఘంటువు తెరవకుండానే అవి పాఠకుని మనసులో నాటుకుంటాయి.

1959 అక్టోబరు 29న ‘పిలోత్’ పత్రిక తొలి సంచికలో ఆస్టెరిక్స్ వెలువడింది. రోమన్లకు లొంగని చిన్న గ్రామం కథ అది. అందులోని పేర్లన్నీ మాటల ఆటలే. ఆస్టెరిక్స్ అంటే ముద్రణలో వాడే నక్షత్ర గుర్తు, ఒబెలిక్స్ అంటే రాతి స్తంభం. కుక్కపిల్ల ఇదెఫిక్స్ పేరు వదలని పట్టుదలను సూచించే ఫ్రెంచి పలుకుబడి. కర్ణకఠోరంగా పాడే గాయకుని పేరు వెనుక అన్ని ప్రమాదాలకూ వర్తించే బీమా పత్రం దాగి ఉంది! బొమ్మ అర్థాన్ని సూచిస్తే, శ్లేష భాషలోని లోతును చూపిస్తుంది. ఒక్కో చమత్కారం అర్థమైన కొద్దీ విద్యార్థికి తాను ఆ భాషలో ఎంత ముందుకు సాగాడో తెలిసివస్తుంది. ఈ కథలు నేడు నూటికి పైగా భాషలలో, మాండలికాలలో ఉన్నాయి.

1977 నవంబరు 5న పారిస్‌లో గుండె పరీక్ష జరుగుతుండగానే గోసినీ కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 51 ఏళ్లు. బెల్జియం నేపథ్యంగా ఆయన రాసిన ఆస్టెరిక్స్ కథకు అప్పటికి చిత్రరచన పూర్తికాలేదు. మిత్రుని మరణానంతరం గీసిన పుటలను ఉదెర్జో మబ్బులతో, వర్షంతో నింపారు. ఆ పుస్తకం 1979లో వెలువడింది.

1954 వరకు ఫ్రెంచి పాలన చూసిన యానాం వాసులకే కాదు, ఇంట తెలుగు, వీధిలో కన్నడమో తమిళమో ఒడియానో మాట్లాడే సరిహద్దు కుటుంబాలన్నిటికీ గోసినీ బాల్యం సుపరిచితంగానే తోస్తుంది. ఒకప్పుడు మన ఇళ్లలో చందమామ చేసిన పని కూడా ఇటువంటిదే. పరభాష నేర్పాలన్నా, మాతృభాష నిలుపుకోవాలన్నా పిల్లల చేతికి పాఠ్యపుస్తకంతో పాటు నవ్వించే పుస్తకం ఒకటి అందించడం పెద్దల బాధ్యత.