చదువు పూర్తికాని పూర్వ విద్యార్థి

హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి ఆటస్థలం ఇచ్చిన మేజర్ హెన్రీ లీ హిగిన్‌సన్ గారు అక్కడ నిండా ఏడాది చదవలేదు. 1851లో చేరి, కళ్లజబ్బు వల్ల కొద్ది నెలలకే మానేశారు. మధ్యలో బడి మానేసినవాళ్లకు సంఘంలో సభ్యత్వం ఇవ్వాలా వద్దా అని ఎక్కడ వాదన వచ్చినా నాకు ఈయనే గుర్తొస్తారు.

1834లో న్యూయార్క్‌లో పుట్టి, బోస్టన్‌లో పెరిగారు. సంగీతం మీద మోజుతో వియన్నా వెళ్లి పియానో నేర్చుకున్నారు. చెయ్యి దెబ్బతినడంతో అదీ సాగలేదు. ఇంటికొచ్చిన కొద్దికాలానికే అమెరికా అంతర్యుద్ధం మొదలైంది. అశ్వికదళంలో చేరారు. 1863 జూన్ 17న వర్జీనియాలోని ఆల్డీ దగ్గర ముఖాన కత్తివేటు పడింది. ఆ మచ్చ చివరిదాకా ఉండిపోయింది. యుద్ధం తర్వాత ఒహాయోలో చమురు, జార్జియాలో పత్తి. రెండింట్లోనూ చెయ్యి కాల్చుకున్నారు. చివరికి 1868లో తండ్రి ఉన్న బ్రోకరేజి సంస్థలోనే చేరి సంపాదించారు.

సంపాదన ఎటు పోయిందో చూడండి. 1881లో బోస్టన్ సింఫనీ ఆర్కెస్ట్రా స్థాపించి, దాదాపు నలభై ఏళ్లు నష్టాలను సొంత జేబులోంచి భరించారు. సామాన్యులు కూడా వినాలని 25 సెంట్ల టికెట్లు పెట్టించారు.

ఇక మైదానం సంగతి. ఆయన స్నేహితులు ఆరుగురు యుద్ధం వల్ల పోయారు: జేమ్స్ సావేజ్, చార్లెస్ రస్సెల్ లోవెల్, ఎడ్వర్డ్ డాల్టన్, స్టీఫెన్ పెర్కిన్స్, జేమ్స్ జాక్సన్ లోవెల్, రాబర్ట్ గౌల్డ్ షా. నల్లజాతి సైనికుల దళాన్ని నడిపించి ఫోర్ట్ వాగ్నర్ దగ్గర నేలకొరిగిన షా కథే 'గ్లోరీ' సినిమా. డాల్టన్ వైద్యుడు, యుద్ధంలో చెడిన ఆరోగ్యం ఆయన్ని 1872లో తీసుకుపోయింది. వీళ్ల జ్ఞాపకంగా 1890 జూన్‌లో చార్లెస్ నది అవతల సుమారు 31 ఎకరాలు కొని విశ్వవిద్యాలయానికి ఇచ్చేశారు. సోల్జర్స్ ఫీల్డ్ అని పిలిస్తే సంతోషమన్నారు, కానీ అది కోరికే తప్ప షరతు కాదన్నారు. రేపు వేరే అవసరం పడితే స్థలాన్ని అలాగే వాడుకోమన్నారు. గది కట్టించి గుమ్మం మీద పేరు చెక్కే పద్ధతికి అలవాటుపడిన మనకు ఇది కాస్త వింతే.

మనకు క్రికెట్ ఎలాగో వాళ్లకు బేస్‌బాల్ అలాగ. 1898లో హార్వర్డ్ బేస్‌బాల్ జట్టు ఈ నేలకు మారింది. పక్కనే 1903లో 1879 బ్యాచ్ వాళ్లు లక్ష డాలర్లు వేసుకోగా స్టేడియం లేచింది. కాంక్రీటులో ఇనుప కడ్డీలు వేసి అంత పెద్ద కట్టడం కట్టడం అప్పటికి కొత్త. మా ఇంజనీర్లకు అది మరో వ్యాసమంత విషయం. బేస్‌బాల్ మైదానానికి 1997లో అక్కడి మరో పూర్వ విద్యార్థి ఓడానెల్ పేరు పెట్టారు.

చదువు మానేసిన ఆ మనిషినే 1893లో హార్వర్డ్ తన పాలకమండలిలోకి తీసుకుంది. 1919 నవంబరులో చనిపోయేదాకా అందులోనే ఉన్నారు. మైదానంలో ఆయన నిలబెట్టించిన రాతి మీద ముందు ఆరుగురు స్నేహితుల పేర్లు ఉంటాయి. ఇచ్చినవారి పేరు వాటన్నిటి కింద.