అడవి బడికి దారి చూపిన హైమన్‌డార్ఫ్

స్వర్ణోత్సవ సంచిక కోసం ఒక మహనీయుని జీవితం రాయమని సంఘం వారు అడిగినప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చిన పేరు క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. ఆయనకు మన బడితో ఏ సంబంధమూ లేదు. కానీ గూడెం పిల్లలు బడికి ఎందుకు వస్తారు, ఎందుకు మానేస్తారు అని ఏటా జూన్‌లో మనం తలలు పట్టుకునే ప్రశ్నకు, ఎనభై ఏళ్ల క్రితమే మన అడవుల్లో తిరిగి జవాబు వెతికిన మనిషి ఆయన.

1909 జూన్ 22న వియన్నాలో పుట్టారు. అక్కడే మానవశాస్త్రం చదివి డాక్టరేట్ పొందారు. 1936లో నాగా కొండలకు వచ్చి ఏడాదిపాటు నాగాల మధ్య గడిపారు. 1939లో భార్య బెట్టీతో కలిసి మళ్లీ ఇండియాకు వచ్చేసరికి రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. ఆస్ట్రియా అప్పటికే జర్మనీలో కలిసిపోయింది. చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు కావడంతో బ్రిటిష్ వారి లెక్కలో ఆయన శత్రుదేశస్థుడు. హైదరాబాద్ సంస్థానం దాటి వెళ్లకూడదన్న షరతు మీద ఇక్కడ ఉండనిచ్చారు. ఆ నిర్బంధం మన గిరిజనుల పాలిట మేలే అయింది.

ముందు నల్లమల చెంచుల దగ్గరికి, ఆ తర్వాత గోదావరి ఒడ్డున ఉన్న కొండరెడ్ల దగ్గరికి వెళ్లారు. అప్పట్లో గోదావరికి ఇవతల పాల్వంచ ప్రాంతం నిజాం ఏలుబడిలోని వరంగల్ జిల్లాలో, అవతల భద్రాచలం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. ఖమ్మం జిల్లా 1953లో ఏర్పడింది. భద్రాచలం అందులో కలిసింది 1959లో. కొండరెడ్ల పోడు వ్యవసాయాన్ని, జీలుగు చెట్టు మీద ఆధారపడ్డ బతుకుని, వెదురు నరికించే కాంట్రాక్టర్ల దగ్గర పడ్డ అప్పులని ఆయన దగ్గరుండి చూశారు. ఆ వివరాలన్నీ 1945లో అచ్చయిన ‘ది రెడ్డిస్ ఆఫ్ ది బైసన్ హిల్స్’ పుస్తకంలో ఉన్నాయి.

1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం పోలీసు తూటాలకు బలయ్యాక, గోండుల అసంతృప్తికి కారణాలు తెలుసుకునే పని ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌కు అప్పగించింది. దంపతులిద్దరూ ఆదిలాబాద్ జిల్లా మార్లవాయి గూడెంలో గోండుల నడుమ కాపురం పెట్టారు. 1943లో అక్కడ మొదలైందే గోండు విద్యా పథకం.

ఆ పథకంలో నన్ను ఆకట్టుకున్నది పనుల వరుస. ముందు బడి కట్టి, తర్వాత పంతుల్ని వెతికి, ఆపైన పిల్లల్ని పోగుచేయడం మామూలుగా జరిగేది. ఆయన పంతులుతో మొదలుపెట్టారు. సంస్థానంలో అధికార భాష ఉర్దూ. గోండు పిల్లవాడికి తెలిసింది గోండి. బయటి నుంచి వచ్చిన పంతులు ఏం చెప్పినా ఆ పిల్లవాడికి అది అర్థం కాని మాటే. అందుకే గోండు యువకులనే మార్లవాయికి పిలిపించి పంతుళ్లుగా తయారుచేశారు. గోండి భాషలో, దేవనాగరి లిపిలో వాచకాలు రాయించారు. శిక్షణ పొందినవారు గూడేలకు వెళ్లి బడులు నడిపారు. వాళ్లలో కొందరు తర్వాత పట్వారీలు, ఫారెస్టు గార్డులు కూడా అయ్యారు. చదువుకుంటే కాగితం మీద ఏముందో మనవాడే చదివి చెబుతాడని గూడేనికి నమ్మకం కలిగింది.

రెండో సంగతి భూమి. ఈ ఏడాది ఇక్కడ, వచ్చే ఏడాది ఇంకోచోట బతికే కుటుంబం పిల్లల్ని బడిలో నిలపలేదు. ఆయన సిఫారసులతో వేలాది గోండు కుటుంబాలకు పట్టాలు అందాయి. 1945 నుంచి నిజాం ప్రభుత్వానికి గిరిజన వ్యవహారాల సలహాదారుగా పనిచేసి 1949లో లండన్ వెళ్లారు. తర్వాతి కాలంలో గోండి బోధన వెనకబడి, రాష్ట్ర భాషే బడి భాష అయింది. 1970లలో తిరిగి వచ్చి, సాధించిందీ చేజారిందీ స్వయంగా చూసి మళ్లీ పుస్తకం రాశారు. బెట్టీ 1987లో హైదరాబాద్‌లో కన్నుమూస్తే మార్లవాయిలో సమాధి చేశారు. ఆయన 1995లో లండన్‌లో మరణించారు. 2012లో ఆయన అస్థికలను తెచ్చి ఆమె పక్కనే ఉంచారు. ఏటా జనవరిలో గోండులు అక్కడ వర్ధంతి జరుపుతారు.

ఇక మన సంగతి. పదో తరగతి ఫలితాలు తగ్గితే పదో తరగతి పంతుళ్ల వైపు చూస్తాం. బీజం ఒకటో తరగతిలోనే పడుతుంది. కోయ గుంపు నుంచి వచ్చిన ఆరేళ్ల పిల్లకు పాఠం తెలుగులో మొదలైతే, మొదటి ఏడాదంతా భాష పట్టుకోవడానికే సరిపోతుంది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కోయ, గోండి సహా ఎనిమిది గిరిజన భాషల్లో చదువు మొదలైంది ఈ కారణంతోనే. ఇక మిరప కోతలకు కుటుంబాలు తరలిపోయినప్పుడు, తర్వాత తునికాకు సీజన్లో, హాజరు పట్టీ ఖాళీ అవుతుంది. ఆ పిల్లల్ని బద్ధకస్తులనడం అన్యాయం. ఇంటికి పూట గడవడం ముందు.

చిన్న బడులకు సంఖ్యే ప్రాణం. పేర్లు తగ్గితే పంతుళ్లు తగ్గుతారు, పంతుళ్లు తగ్గితే ఉన్న పిల్లలూ వెళ్లిపోతారు. అందుకే పూర్వ విద్యార్థులకు ఒక విన్నపం. కమానుకీ రంగులకీ చందాలు ఇచ్చారు, సంతోషం. మనలో కోయ మాట్లాడేవాళ్లు చాలామందే ఉన్నారు. వచ్చే జూన్ బడిబాటకు పంతుళ్ల వెంట గుంపులకు నడవండి. బడి తెరిచాక వారానికి ఒక పూట ఒకటో తరగతిలో కూర్చుని, పాఠం కోయలో చెప్పండి. కోతలకు వెళ్లే ఇళ్ల పిల్లలు ఆ నెలల్లో ఎక్కడ తిని ఎక్కడ పడుకోవాలో సంఘం ముందే ఆలోచించాలి. మార్లవాయిలో ఈ పని చేసినవాళ్లు ఆ గూడేల మనుషులే. ఇక్కడ చేయాల్సింది మనమే.