శిలాక్షరములు చదివిన జయంతి రామయ్య పంతులుగారు

మొగల్తూరునుండి తూర్పుగా బోయి, వసిష్ఠ గోదావరిని దాటి, కోనసీమకు అడ్డముగా నడచినచో గౌతమి యొడ్డున ముక్తేశ్వరమను గ్రామము వచ్చును. ఆవలి గట్టున కోటిపల్లి. దానికి కొంతదూరమున ద్రాక్షారామము. ఆ ముక్తేశ్వరమున 1860వ సంవత్సరము జూలై 18వ తేదీన జయంతి రామయ్య పంతులుగారు జన్మించిరి. గ్రాంథికభాషా పక్షమునకు నాయకులుగను, సూర్యరాయాంధ్ర నిఘంటువునకు సంపాదకులుగను ఆంధ్రు లందఱును వారి నెఱుగుదురు. వారి జీవితమున మఱియొక వ్యాసంగము కలదు. రాళ్ళమీదను రాగిరేకులమీదను చెక్కబడి, కాలముచే చెడి, చదువువారు లేక పడియున్న అక్షరములను చదువుట ఆ వ్యాసంగము. దానిని గూర్చి తెలిసినవారు తక్కువ.

పంతులుగారు రాజమహేంద్రవరమున చదివి బి.ఏ. పట్టము నందిరి. పిఠాపురమున ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయులుగ నుండిరి. న్యాయశాస్త్రమునను పట్టభద్రులై ప్రభుత్వోద్యోగమున బ్రవేశించి, డిప్యూటీ కలెక్టరు పదవి నిర్వహించి, చెన్నపట్టణమున ప్రెసిడెన్సీ మేజిస్ట్రేటుగ పనిచేసిరి. ఉద్యోగచరిత్ర యింతే చాలును. శాసనములు చదువుట వారి కెవ్వరును అప్పగించిన పని కాదు. దానికి జీతము లేదు. కచేరీలో సాక్షుల మాటలను తూచిన అధికారికి అలవడిన జాగ్రత్త మాత్రము వారి శాసన పాఠములందును కనబడును.

గోదావరి డెల్టా ఒండ్రునేల. ఇచట కొండ లేదు. శాసనము చూడవలెనన్నచో దేవాలయమునకే పోవలెను. పాలకొల్లు క్షీరారామమునను, ద్రాక్షారామ భీమేశ్వరాలయమునను గోడలపైని, స్తంభములపైని పూర్వరాజుల దానములు, అఖండదీపములకు సమర్పించిన గొఱ్ఱెలు, దేవుని మాన్యములు చెక్కబడియున్నవి. వానికి కలిగిన హాని పలువిధములు. వాన, ఎండ, ఉప్పుగాలి కొంత చెఱచును. ఉత్సవము వచ్చినప్పుడెల్ల భక్తితో వేసిన సున్నము అంతకంటె ఎక్కువ చెఱచును. జీర్ణోద్ధరణ సమయమున రాళ్ళను తీసి మరల కట్టునపుడు అక్షరములున్న ముఖము లోపలికి పోవుటయు, తలక్రిందగుటయు కలదు. శత్రువులు పగులగొట్టిన రాళ్ళ సంగతి సరే, మంచి తలంపుతో చెడగొట్టినవియు తక్కువ కావు.

అట్టి రాతిని చదువు పద్ధతి యిది. మొదట అక్షరపు గాళ్ళలోని సున్నమును, మట్టిని శుభ్రము చేయుదురు. తడిపిన కాగితమును రాతిపై పఱచి, కుంచెతో మెల్లగా మొత్తుదురు. కాగితము గాడిలోనికి దిగును. పిమ్మట గుడ్డ యుండతో సిరా అద్దుదురు. చదునైన భాగము నల్లబడును, గాడి తెల్లగా నిలుచును. ఆ కాగితమును ఎండనిచ్చి తీసికొనిపోయి తీరికగా చదువవచ్చును. ఐనను చిక్కు అక్కడనే ప్రారంభమగును. తెల్లగా కనబడు గీత శిల్పి యులి గీసినదో, రాతికి సహజమైన పగులో తేల్చవలెను. అక్షరము లోపించిన చోట, అది కాలమువలన పోయినదో, శిల్పియే మఱచెనో నిర్ణయింపవలెను. వెయ్యేండ్లనాటి లిపి నేటి లిపి కాదు. నేడు వ్రాతలో లేని అక్షరములును అందు కలవు. చోళ, చోడ యని నేడు రెండు రూపములు గల పేరును నాడు వ్రాసిన అక్షరము అట్టిదే.

పంతులుగారు మొదట తామ్రశాసనములు చదివిరి. వారి యూరికి సమీపముననే గల తొత్తరమూడి పేర ప్రసిద్ధమైన కాటయవేముని తామ్రశాసనమును పరిష్కరించి ఎపిగ్రాఫియా ఇండికా నాలుగవ సంపుటమున ప్రకటించిరి. కాళిదాసు నాటకములకు వ్యాఖ్యానము వ్రాసిన రెడ్డిప్రభువే ఆ కాటయవేముడు. అదే గ్రంథమాల యేడవ సంపుటమున ఇమ్మడి నృసింహుని దేవులపల్లి శాసనము వెలువడినది.

వారు చేసిన పనులలో పేర్కొనదగినది బెజవాడ స్తంభశాసనము. తూర్పుచాళుక్య వంశమువాడైన యుద్ధమల్లుడు బెజవాడలో తన తాత కట్టించిన కార్తికేయుని గుడికి చేర్చిన కట్టడమును, అచటి మఠమున గొరగలనబడు శైవ సన్న్యాసులు తప్ప ఇతరు లుండరాదను కట్టుబాటును అందు చెప్పబడినవి. శకసంవత్సరము లేదు. లిపినిబట్టియు రాజుల వరుసనుబట్టియు అది క్రీ.శ. 930 ప్రాంతపుదని యెక్కువమంది తలంచిరి. ఇంకను ప్రాచీనమన్నవారును కలరు. ఎట్లైనను నన్నయభట్టారకునికి నూరేండ్లకు పైగా ముందటిది.

స్తంభముపై అక్షరములు ఎడము లేక వరుసగా చెక్కబడియుండును. ఇది పద్యమని రాయి చెప్పదు. అందలి ఛందస్సు మధ్యాక్కర. పాదమునకు రెండు ఇంద్రగణములు, ఒక సూర్యగణము, మరల అట్లే రెండును ఒకటియు వచ్చును. నాలుగు పాదములందును రెండవ యక్షరము ఒకే హల్లు కావలెను. ఇది తెలిసిన పిమ్మట పాఠకుని పని మాఱును. అరిగిన చోట ఎన్ని గణముల మాట పోయినదో లెక్క తెలియును. ప్రాసస్థానమున అక్షరము చెడినను తక్కిన మూడు పాదములు దానికి సాక్ష్యమిచ్చును. ఊహించిన పదము గణమునకు కుదురకున్న ఆ యూహ విడువవలసినదే. ఎపిగ్రాఫియా ఇండికా పదునైదవ సంపుటమున, 1919-20లో, పంతులుగారు ఆ శాసనపాఠమును ప్రకటించిరి. తరువాతి పండితులు కొన్నిచోట్ల వేఱువిధముగా చదివిరి. అది సహజము, రాయి అందఱి యెదుటనే యున్నది. తెలుగు పద్యము నన్నయతోనే పుట్టినదను నమ్మకమునకు మాత్రము ఆ స్తంభము ఎదురు నిలిచినది. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు ప్రకటించిన పండరంగని అద్దంకి శాసనము కాలమును మఱింత వెనుకకు జరిపినది.

ఇక భాషావివాదము. 1911లో చెన్నపట్టణమున ఆంధ్రసాహిత్య పరిషత్తును స్థాపించుటలో పంతులుగారు ముఖ్యులు. పాఠశాలల తెలుగు వచనము గ్రాంథికమున నుండవలెనా, వ్యవహారమున నుండవలెనా యని ఆ కాలముననే తగవు పెరిగినది. 1913లో పంతులుగారు గ్రాంథికమును సమర్థించుచు ఇంగ్లీషున గ్రంథము వ్రాసిరి. ఎదుటిపక్షమున గిడుగు రామమూర్తి పంతులుగారు. వారును శాసనపరిశోధకులే, పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగ నుండి ముఖలింగము గుడిలోని శాసనములను స్వయంకృషితో చదివినవారు. పూర్వులును వాడుకభాషనే వ్రాసిరని నిరూపించుటకు గిడుగువారు చూపిన సాక్ష్యములలో శాసనములు ముఖ్యమైనవి. కరణములును, గ్రామపెద్దలును చెక్కించిన దానశాసనముల వచనములో వ్యాకరణమునకు లొంగని రూపములు అనేకములు కలవు. అనగా రామయ్య పంతులుగారు ఏ రాళ్ళను చదివి లోకమునకిచ్చుచుండిరో, ఆ రాళ్ళే వారి వాదమునకు ఎదురు సాక్ష్యములైనవి.

ఇట్టిచోట మనుష్యుని పరీక్ష యున్నది. శాసనమును ప్రకటించు పద్ధతిలో రాతిమీద నున్నది ఉన్నట్లే అచ్చువేయవలెను. సందేహమున్న అక్షరమును కుండలీకరణమున నుంచవలెను. పోయినదానికి చుక్కలు పెట్టవలెను. దిద్దుబాటు అడుగుసూచికలోనికి పోవలెను. పంతులుగారు ప్రకటించిన పాఠములు ఈ కట్టుబాటుననే యున్నవి. భాషావివాదమున వారెంత పట్టుదల చూపినను, శాసనపాఠమున వ్యాకరణమును చొప్పించి రాతిని దిద్దలేదు. ఆ తగవు తుదకు గిడుగువారి పక్షముననే తేలినది. నేడు పత్రికలును పుస్తకములును వ్యావహారికముననే వెలువడుచున్నవి. గ్రాంథికవాదిగ పంతులుగారిని నిందించువారును వారు చదివిన శాసనపాఠములను వాడుకొనక తప్పదు.

పరిషత్తు తరువాత కాకినాడకు చేరినది. శాసనములలోని పద్యములను ఏర్చి పంతులుగారు శాసన పద్యమంజరి యను పేర సంపుటీకరించిరి. పిఠాపుర మహారాజావారి పోషణమున సాగిన సూర్యరాయాంధ్ర నిఘంటువు మొదటి సంపుటము 1936లో వెలువడునాటికి వారి వయస్సు డెబ్బదియాఱు. అప్పటికిని శాసనముల పని విడువలేదు. చెన్నరాజధానిలోని తెలుగు శాసనముల పెద్ద సంపుటము వారి చేతిమీద సిద్ధమగుచుండెను. అది అచ్చుపడుట చూడకయే 1941 ఫిబ్రవరి 19వ తేదీన వారు స్వర్గస్థులైరి. ఎన్. లక్ష్మీనారాయణరావుగారి సహసంపాదకత్వమున, దక్షిణ భారత శాసనముల గ్రంథమాలలో పదవ సంపుటముగ, 1948లో ఆ గ్రంథము వెలువడినది.