అల్లూరి వయసు ఎంత?

మన్యం వీరుడు అల్లూరి సీతారామరాజు పుట్టింది 1897 జూలై 4న. కానీ కొన్ని పుస్తకాల్లో 1898 అని కనిపిస్తుంది. ఊరి విషయంలోనూ ఇదే తంటా. కొందరు మోగల్లు అంటారు, కొందరు పాండ్రంగి అంటారు. మోగల్లు తండ్రిగారి ఊరు, పాండ్రంగి అమ్మగారి పుట్టిల్లు. కాన్పుకు పుట్టింటికి వెళ్లడం మామూలే కాబట్టి ఈ ముడి తేలిగ్గా విడిపోతుంది.

ఏడాది ముడి అలా విడిపోదు. ఆ రోజుల్లో పెద్దలకు తెలుగు సంవత్సరం పేరే గుర్తుండేది. 1897 హేవిళంబి, 1898 విళంబి. ముందున్న ‘హే’ జారిపోతే ఒక ఏడాది వయసు తగ్గినట్లే! తప్పు ఇక్కడే జరిగిందని మేము అనడం లేదు గానీ జరగడానికి వీలుంది. మా ఇళ్లలో గాలివాన వచ్చిన ఏడు పుట్టావంటారు. బడిలో చేర్చిన రోజు అయ్యవారు వేసిన తేదీయే పుట్టినరోజు. రిజిస్టరు చూస్తే మాలో చాలామందిమి జూన్‌లోనే పుట్టాం!

1908లో తండ్రి వెంకట్రామరాజుగారు చనిపోయేనాటికి ఆయనకు పది పదకొండేళ్లు. చదువు సరిగా సాగలేదు. అటవీ చట్టాలతో, కూలి సరిగా ఇవ్వని రోడ్డు పనులతో నలిగిపోతున్న గిరిజనులను కూడగట్టారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై దాడిచేసి తుపాకులు పట్టుకుపోయారు. దాదాపు రెండేళ్లు దొరలను ముప్పుతిప్పలు పెట్టారు.

1924 మే 7న కొయ్యూరులో ఆయనను చెట్టుకు కట్టి కాల్చి చంపారు. 1897 లెక్కన 27 ఏళ్లు నిండడానికి ఇంకా రెండు నెలలుంది. 2022లో 125వ జయంతి జరిపింది ఆ లెక్క ప్రకారమే. సమాధి కృష్ణదేవిపేటలో ఉంది.