గిడియన్ సండ్‌బ్యాక్

గిడియన్ సండ్‌బ్యాక్ (ఏప్రిల్ 24, 1880 – జూన్ 21, 1954) స్వీడన్‌లో జన్మించి అమెరికాలో స్థిరపడిన విద్యుత్ ఇంజనీరు, ఆవిష్కర్త. సంచులకు, దుస్తులకు, పాదరక్షలకు నేడు వాడుతున్న జిప్పుకు నమ్మదగిన రూపం ఇచ్చినవాడుగా ప్రసిద్ధుడు. తెలుగునాట వాడుకలో జిప్పును చైను అని కూడా అంటారు. జిప్పు అనే ఆలోచన ఇతనికి ముందే ఉన్నది. అయితే అది ఊడిపోకుండా నిలిచే వస్తువు కావడానికీ, యంత్రంపై వేగంగా, చౌకగా తయారు కావడానికీ ఇతని కృషియే కారణం.

బాల్యం, విద్యాభ్యాసం

సండ్‌బ్యాక్ దక్షిణ స్వీడన్‌లోని స్మోలాండ్ ప్రాంతానికి చెందిన ఓడెస్తుగు గ్రామంలో ఒక రైతు కుటుంబంలో జన్మించాడు. ఇతని పూర్తి పేరు ఓట్టో ఫ్రెడ్రిక్ గిడియన్ సండ్‌బ్యాక్. స్వదేశంలో పాఠశాల చదువు ముగించి, ఉన్నత విద్యకై జర్మనీ వెళ్ళాడు. రైన్ నదీతీరంలోని బింగెన్ పట్టణపు సాంకేతిక విద్యాలయంలో చదివి 1903లో ఇంజనీరు పట్టా పొందాడు. 1905లో అమెరికాకు వలస వెళ్ళి, పెన్సిల్వేనియా రాష్ట్రంలోని పిట్స్‌బర్గ్ నగరంలో వెస్టింగ్‌హౌస్ విద్యుత్ సంస్థలో ఉద్యోగంలో చేరాడు.

పూర్వరంగం

అంతవరకు సంచులకు, చొక్కాలకు, పాదరక్షలకు గుండీలు, కొక్కేలు, తాళ్ళు వంటివే ఆధారం. 1851లో కుట్టుయంత్ర నిర్మాత ఎలియాస్ హోవ్ వరుసగా మూసుకొనే ఒక బిగింపుకు పేటెంటు పొందాడు గాని దానిని అమ్మకానికి తేలేదు. 1885లో జర్మనీకి చెందిన హెరిబర్ట్ బాయర్ నొక్కితే మూసుకొనే టిచ్ బటన్‌కు పేటెంటు తీసుకున్నాడు. 1893లో విట్‌కోంబ్ జడ్సన్ అనే అమెరికన్ పాదరక్షల కోసం కొక్కేల వరుసతో ఒక సాధనాన్ని రూపొందించి పేటెంటు పొందాడు. లూయిస్ వాకర్ అనే న్యాయవాది దీనిపై నమ్మకంతో పెట్టుబడి పెట్టగా యూనివర్సల్ ఫాస్టెనర్ కంపెనీ ఏర్పడింది. కాని జడ్సన్ సాధనంలోని కొక్కేలు కొద్దిపాటి వంపుకే విడిపోయేవి. ఒక్కొక్కసారి మధ్యలో ఇరుక్కొని కదిలేవి కావు. కొన్నవారు తిరిగి కొనలేదు.

కష్టకాలం

1906లో సండ్‌బ్యాక్ న్యూజెర్సీ రాష్ట్రంలోని హొబోకెన్‌లో ఉన్న ఈ కంపెనీలో చేరాడు. కర్మాగార నిర్వాహకుడు పీటర్ ఆరన్‌సన్ కూడా స్వీడన్ దేశస్థుడే. అతని కుమార్తె ఎల్విరాను సండ్‌బ్యాక్ 1909లో వివాహమాడాడు. జడ్సన్ కొక్కేలను సరిదిద్దే బాధ్యత ఇతనిపై పడింది. ఎన్ని మార్పులు చేసినా ఊడిపోయే గుణం పూర్తిగా పోలేదు. 1911లో ఎల్విరా మరణించింది. ఒకవైపు భార్యావియోగం, మరొకవైపు అప్పులలో కూరుకుపోతున్న సంస్థ. ఈ పరిస్థితిలో సండ్‌బ్యాక్ తన సమయాన్నంతా ఈ ఒక్క సమస్యకే వెచ్చించాడు.

మొదట ఇతడు కొక్కేలను పూర్తిగా విడిచిపెట్టాడు. ఒకవైపు లోహపు దవడలు, రెండవవైపు గుడ్డ అంచున లావుపాటి పూస ఉండేలా ఒక నమూనా చేశాడు. దవడలు ఆ అంచును కరచి పట్టుకొనేవి. ఊడకపోయినా, కొన్నిసార్లు తెరచి మూసేసరికి గుడ్డ అరిగిపోయేది. కనుక ఇదీ పనికిరాలేదు.

ఆవిష్కరణ

1913 డిసెంబరు నాటికి ఇతడు కొత్త మార్గం కనుగొన్నాడు. కొక్కెం, దాని కన్ను అనే రెండు వేర్వేరు భాగాలకు బదులు రెండు పట్టీలపైనా ఒకే రకమైన లోహపు పళ్ళను అమర్చాడు. ప్రతి పన్నుకు ఒకవైపు చిన్న బొడిపె, రెండవవైపు గుంట ఉంటాయి. ఒక పన్ను బొడిపె ఎదుటి వరుసలోని పన్ను గుంటలో కూర్చుంటుంది. రన్నరు లోపల పట్టీలు వంగి పళ్ళ మధ్య ఎడం పెరిగినప్పుడు మాత్రమే అవి ఒకదానిలో ఒకటి చేరగలవు, విడిపోగలవు. రన్నరు దాటిపోగానే పట్టీలు తిన్నగా అయి, ప్రతి పన్నును దాని ఇరుగుపొరుగు పళ్ళు కదలనీయకుండా నిలబెడతాయి. పూర్వం అంగుళానికి నాలుగు ఉన్న భాగాలను ఇతడు పది, పదకొండు వరకు పెంచాడు. పన్ను చిన్నదైనకొద్దీ పట్టీ సులువుగా వంగింది, బిగింపు గట్టిపడింది.

సంస్థ పెన్సిల్వేనియాలోని మీడ్‌విల్ పట్టణానికి తరలి, హుక్‌లెస్ ఫాస్టెనర్ కంపెనీగా పేరు మార్చుకున్నది. కొక్కేలు లేనిది అని ఆ పేరుకు అర్థం. 1914లో చేసిన దరఖాస్తుకు 1917 మార్చి 20న అమెరికా పేటెంటు లభించింది.

సండ్‌బ్యాక్ దీనితో ఆగలేదు. ఇంత చిన్న పళ్ళను చేతితో అమర్చితే ధర సామాన్యునికి అందదు. అందుచేత ఆంగ్లాక్షరం వై ఆకారపు తీగను ముక్కలుగా కోసి, బొడిపె, గుంట అద్ది, నేరుగా గుడ్డపట్టీకి బిగించే యంత్రాన్ని కూడా నిర్మించాడు. ఇందులో లోహం దాదాపుగా వృథా కాదు. తొలి ఏడాదిలోనే ఈ యంత్రాలు రోజుకు కొన్ని వందల అడుగుల జిప్పును తయారుచేశాయి.

సంచులతో మొదలైన ఆదరణ

జిప్పును మొదట ఆదరించినవారు దుస్తుల తయారీదారులు కారు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో నావికులు నడుముకు కట్టుకొనే డబ్బు సంచులకు దీనిని కుట్టారు. వైమానికుల దుస్తులకూ వాడారు. 1920 దశకం తొలి సంవత్సరాలలో పొగాకు సంచులు దీనికి పెద్ద గిరాకీ తెచ్చిపెట్టాయి. పొగాకు తేమకు మెత్తబడుతుందనీ, తేమ పోతే పెళుసెక్కి పొడి అవుతుందనీ ఒంగోలు, సింగరాయకొండ ప్రాంతాల రైతులకు తెలిసినదే. ఒకచోట గుండీ పెట్టిన సంచిలో గాలి ఆడుతుంది, పొడి రాలిపోతుంది. మూతి పొడవునా మూసుకొనే జిప్పు ఈ రెండు ఇబ్బందులనూ తగ్గించింది.

1923లో గుడ్‌రిచ్ సంస్థ జిప్పు అమర్చిన రబ్బరు పాదరక్షలను విడుదల చేసి వాటికి జిప్పర్ అని పేరు పెట్టింది. పాదరక్షల పేరే క్రమంగా బిగింపుకు స్థిరపడింది. హుక్‌లెస్ సంస్థ తన సరుకుకు 1928లో టాలన్ అనే వ్యాపారనామం స్వీకరించి, 1937లో టాలన్ సంస్థగా మారింది. 1930 దశకంలో దుస్తులలో కూడా జిప్పు వాడకం వ్యాపించింది.

చివరి రోజులు, గుర్తింపు

కెనడాలోని సెయింట్ కాథరిన్స్ పట్టణంలో నెలకొల్పిన లైట్నింగ్ ఫాస్టెనర్ కంపెనీకి సండ్‌బ్యాక్ అధ్యక్షుడుగా పనిచేశాడు. 1951లో స్వీడన్ రాయల్ ఇంజనీరింగ్ విజ్ఞాన పరిషత్తు ఇతనికి స్వర్ణపతకం ప్రదానం చేసింది. 1954 జూన్ 21న మీడ్‌విల్‌లో మరణించాడు. ఇతని సమాధి ఆ పట్టణంలోని గ్రీన్‌డేల్ శ్మశానవాటికలో ఉన్నది. 2006లో ఇతని పేరు అమెరికా జాతీయ ఆవిష్కర్తల కీర్తిమందిరంలో చేర్చబడింది.

చేతికుట్టు సంచులలో జిప్పు

చీరాల చేనేత, పెడన కలంకారీ, జనపనార గుడ్డలతో సంచులు కుట్టేవారు నేడు ఏ బిగింపు వాడాలో ఎన్నుకోవడానికి సండ్‌బ్యాక్ సూత్రమే ఆధారమవుతుంది. టిచ్ బటన్ ఒక్క బిందువు వద్ద మాత్రమే పట్టు ఇస్తుంది. తీసేటప్పుడు లాగిన బలమంతా ఆ చోటనే పడుతుంది కనుక, పలుచని గుడ్డ చిరగకుండా లోపల దళసరి ముక్క వేసి కుట్టాలి. కూరగాయల సంచికి, పుస్తకాల సంచి పైమూతకు ఇది చాలును. డబ్బు, చిల్లర, మందులు వంటివి జారిపోకూడని సంచికి మూతి పొడవునా పట్టు ఇచ్చే జిప్పు మేలు.

జిప్పులలో లోహపు పళ్ళవి బరువు మోసే దళసరి సంచులకు తగినవి. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత వ్యాప్తిలోకి వచ్చిన నైలాను చుట్టల జిప్పు తేలికగా వంగుతుంది కనుక గుండ్రని మూతులకు, పలుచని గుడ్డలకు అనుకూలం. మీటర్ల లెక్కన జిప్పు కొని, రన్నరును విడిగా ఎక్కించుకోవచ్చు. రన్నరు వదులై పళ్ళు కలవకపోతే పట్టకారుతో దాని అంచులను కొద్దిగా నొక్కడం దర్జీలు చేసే మరమ్మతు. కాని మధ్యలో ఒక పన్ను ఊడితే ఇరుగుపొరుగు పళ్ళకు ఆధారం పోయి బిగింపు అక్కడ విచ్చుకుంటుంది, అప్పుడు జిప్పు మార్చడమే మంచిది.