పలకరింపు విలువ తెలిసిన బాటసారి ఇబ్నె బతూతా

జుమా నమాజు ముగిసి మస్జిదు నుంచి బయటికి వచ్చేటప్పుడు ఒక్కోసారి మాకు చివరి వరుసలో ఒక కొత్త ముఖం కనిపిస్తుంది. చేతిలో సంచి, కళ్లలో బెరుకు. ములుగు నుంచో, నర్సంపేట నుంచో, పరకాల నుంచో వరంగల్‌కు మొదటిసారి వచ్చినవాడై ఉంటాడు. తెలిసినవాళ్లంతా ఒకరికొకరు సలాం చెప్పుకొని కబుర్లలో పడతారు. అతణ్ణి మాత్రం ఎవరూ పలకరించరు. అలాంటివారిని చూసినప్పుడల్లా ఏడు వందల ఏళ్ల కిందటి ఒక యువకుడు మాకు గుర్తుకు వస్తాడు. ఆయనే జగమెరిగిన యాత్రికుడు ఇబ్నె బతూతా.

ఆయన అసలు పేరు అబూ అబ్దుల్లా ముహమ్మద్. హిజ్రీ 703, అంటే క్రీ.శ. 1304లో మొరాకోలోని తంజా అనే రేవు పట్టణంలో జన్మించారు. వారిది ఖాజీల వంశం. ఆయన కూడా మాలికీ ధర్మశాస్త్రం చదువుకున్నారు. 1325 జూన్‌లో హజ్ సంకల్పంతో ఇల్లు విడిచారు. అప్పటికి వయసు ఇరవై ఒకటి. తల్లి, తండ్రి ఇద్దరూ జీవించి ఉన్నారు. విడిపోవడం వారికీ కష్టమైంది, ఆయనకూ కష్టమైంది. దారిలో తోడు లేదు. కొంత దూరం పోయాక వర్తకుల బిడారు ఒకటి దొరికింది. మధ్యలో తీవ్రమైన జ్వరం వచ్చింది. ఆగిపొమ్మని తోటివారు చెప్పినా వినలేదు. జారి పడిపోకుండా తలపాగా గుడ్డతో తనను తాను జీనుకు కట్టుకొని ప్రయాణం సాగించారు.

అలా నీరసించిన ఒంటితో ట్యూనిస్ నగరం చేరుకున్నారు. అది ఆ కాలంలో పేరున్న రాజధాని. బిడారు వస్తోందని తెలిసి నగరవాసులు ఎదురు వచ్చారు. పండితులను, బంధువులను, స్నేహితులను కౌగిలించుకొని క్షేమం అడిగారు. ఈ యువకుణ్ణి ఎరిగినవారు ఒక్కరూ లేరు. ఎవరూ సలాం చెప్పలేదు. జ్వరానికి లొంగని మనిషి అక్కడ ఆగలేక వెక్కి వెక్కి ఏడ్చారు. ఆయన బాధ గ్రహించిన ఒక హాజీ దగ్గరికి వచ్చి సలాం చెప్పాడు. ఊళ్లోకి ప్రవేశించేదాకా మాటలు చెబుతూ పక్కనే నడిచాడు. ఆ రాత్రి ఒక మదర్సాలో బస దొరికింది. మహానగరం గురించి ఆయనకు కలిగిన తొలి అనుభవం ఇదే. తర్వాత రాజులనూ రాజమహళ్లనూ ఎన్నో చూసినా ఆ కన్నీటిని మరువలేదు. చివరి వయసులో తన గ్రంథంలో దాన్ని దాచకుండా చెప్పుకున్నారు.

మరుసటి ఏడు, 1326లో, కైరో చేరారు. ఆనాటి ప్రపంచంలోని మహానగరాల్లో అదొకటి. కొత్తగా వచ్చినవారికి అక్కడి జనసమ్మర్దమే మొదట కంటబడుతుంది. ఒంటెల మీద నీళ్లు మోసి పోసేవాళ్లే 12,000 మంది ఉన్నారని, గాడిదలు, కంచర గాడిదలు అద్దెకిచ్చేవాళ్లు 30,000 మంది అని, నైలు నదిలో 36,000 పడవలు తిరుగుతాయని ఆయన విన్న లెక్కలు రాసుకున్నారు. అంకెల సంగతి ఎలా ఉన్నా, చిన్న ఊరి నుంచి వచ్చిన కుర్రవాడి ఆశ్చర్యం వాటిలో తెలుస్తుంది. అయితే ఆ రద్దీలోనే ఆయన మరొకటి కూడా గమనించారు. సుల్తాన్ ఖలావూన్ కట్టించిన ఆసుపత్రిలో రోగులకు మందులతో పాటు సకల వసతులూ ఉన్నాయి. ఫకీర్ల ఆశ్రమాల్లో రోజూ పొద్దున నిర్వాహకుడు వచ్చి, ఎవరికి ఏ వంటకం కావాలో అడిగి వెళ్లేవాడు. బట్టలుతుక్కోవడానికి సబ్బు, స్నానశాల రుసుము, దీపానికి నూనె కూడా ఇచ్చేవారు.

డమాస్కస్‌లో చూసిన సంగతి మరీ ముచ్చటైనది. ఒక సందులో ఒక బానిస కుర్రవాడు చేతిలోని పింగాణీ పళ్లెం జారవిడిచాడు. అది ముక్కలైంది. యజమాని కొడతాడని వణికిపోతున్నాడు. చుట్టూ చేరినవారిలో ఒకరు, ముక్కలు ఏరుకొని ఫలానా చోటికి పొమ్మన్నారు. పగిలిన పాత్రల కోసమే ఆ ఊళ్లో ఒక వక్ఫ్ ఉంది! అక్కడివారు ఆ కుర్రవాడికి కొత్త పళ్లెం కొనుక్కోవడానికి డబ్బు ఇచ్చారు. బాటసారుల తిండికి, బట్టకు, దారిఖర్చుకు కూడా అక్కడ వక్ఫులు ఉండేవి. వక్ఫ్ ఆస్తి అంటే కోర్టు తగాదాలే గుర్తుకు వచ్చే మనం ఈ విషయం కొంచెం ఆలోచించాలి.

హజ్ పూర్తయినా ఆయన వెనుదిరగలేదు. ఇరాక్, ఇరాన్, యమన్, ఆఫ్రికా తూర్పు తీరం చూసి, నేటి టర్కీ ప్రాంతానికి చేరారు. అక్కడ లాదిఖ్ అనే ఊళ్లో బజారులో పోతుంటే దుకాణాల్లోంచి కొందరు ఉరికి వచ్చి గుర్రాల కళ్లేలు పట్టుకున్నారు. ఇంకో గుంపు వచ్చి వారితో తగవుకు దిగి కత్తులు దూసింది. దొంగలు పడ్డారనుకొని వీరు హడలిపోయారు. తీరా అరబ్బీ తెలిసిన ఒకరు వచ్చి అసలు సంగతి విప్పి చెప్పారు. అవి రెండు యువజన బృందాలు. అతిథి మా ఇంటికే రావాలంటే మా ఇంటికే రావాలని వాటి పోట్లాట! చివరికి చీట్లు వేసి తేల్చుకున్నారు.

ఆ తర్వాత 1333లో సింధు నది దాటి హిందూస్తాన్‌కు వచ్చారు. ఢిల్లీలో అప్పుడు ముహమ్మద్ బిన్ తుగ్లక్ పాలన. పదేళ్ల ముందు, 1323లో, యువరాజు ఉలుగ్ ఖాన్‌గా మన ఓరుగల్లు కోటను జయించి, దానికి సుల్తాన్‌పూర్ అని పేరు పెట్టింది ఈ సుల్తానే. ఇబ్నె బతూతా ఓరుగల్లుకు రాలేదు. కానీ సుల్తాను సైన్యం దక్షిణాదికి నడిచినప్పుడు తిలంగ్ దేశంలో మహమ్మారి సోకిన వార్తను ఆయన తన గ్రంథంలో రాశారు. సుల్తాను ఆయనను 12,000 దీనార్ల జీతంతో ఢిల్లీ ఖాజీగా నియమించాడు. కరువు రోజుల్లో తన అజమాయిషీలో ఉన్న సుల్తాన్ ఖుత్బుద్దీన్ సమాధి దగ్గర ఆయన పేదలకు అన్నం పెట్టించారు. అయితే గోడలు ఎంత గొప్పవైనా ఢిల్లీ తన కంటికి వెలవెలబోతూ కనిపించిందని కూడా రాశారు. రాజధానిని దౌలతాబాద్‌కు మార్చినప్పుడు జనాన్ని తరలించిన ఫలితం అది.

తర్వాత మాల్దీవులు, సింహళం, బెంగాల్ మీదుగా చైనా వరకు వెళ్లినట్టు రాశారు. చైనా వర్ణనల్లో కొన్నింటిని చరిత్రకారులు సందేహిస్తారు. అక్కడ ఒక ఊళ్లో ఒక పెద్దమనిషి పరిచయమయ్యారు. మాటల్లో ఆయనది తంజాకు దగ్గరి సబ్తా పట్టణమని తేలింది. అంత దూరాన సొంత ప్రాంతపు మనిషి కనబడేసరికి ఇద్దరూ కన్నీరు పెట్టుకున్నారు.

తిరుగు ప్రయాణంలో 1348లో డమాస్కస్‌లో ఒక వార్త తెలిసింది. తండ్రి పోయి పదిహేనేళ్లయిందట. మరుసటి ఏడు మళ్లీ ట్యూనిస్ చేరారు. ఒకనాడు ఏ పలకరింపూ లేక ఏడ్చిన ఊరిలోనే ఈసారి సుల్తాను కొలువుకు పిలిపించి ప్రయాణ విశేషాలు అడిగాడు. కానీ ఇల్లు చేరకముందే, తల్లి మహమ్మారికి బలైందని దారిలో తెలిసింది. తంజాలో ఆమె సమాధిని మాత్రమే చూడగలిగారు. లోకమంతా చూసిన మనిషికి ఆ కొరత తీరలేదు. గల్ఫ్‌కో, హైదరాబాద్‌కో పిల్లలను పంపిన మన ఇళ్లలో తల్లిదండ్రులకు ఈ బాధ చెప్పకుండానే తెలుస్తుంది.

ఆ తర్వాత ఆయన స్పెయిన్‌లోని గ్రనడాను, ఆఫ్రికాలోని మాలీ రాజ్యాన్ని చూశారు. 1355లో ఇబ్నె జుజయ్ అనే లేఖకుడి చేత యాత్రా గ్రంథం పూర్తి చేయించారు. మొరాకోలోనే ఖాజీగా పనిచేస్తూ హిజ్రీ 770 (క్రీ.శ. 1368–69)లో కన్నుమూశారు.

జకాత్‌కు అర్హులుగా దివ్య ఖుర్ఆన్ పేర్కొన్న ఎనిమిది వర్గాలలో బాటసారి ఒకరు. తెలిసినవారికీ తెలియనివారికీ సలాం చెప్పడం దైవప్రవక్త (స) మనకు నేర్పిన మర్యాద. మన వరంగల్‌కు రోజూ ఎందరో కొత్తవారు వస్తారు. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చే రైతులు, ఎం.జి.ఎం. ఆసుపత్రికి రోగిని తీసుకొచ్చే పల్లెవాసులు, కాజీపేటలో రైలు దిగి దర్గాకు వచ్చేవారు, చదువుకోసం గది వెతుక్కునే పిల్లలు. వాళ్లు ఊరికి తిరిగి వెళ్లాక కోటనూ వేయి స్తంభాల గుడినీ చూశామని చెబుతారు. మనం ఎలా పలకరించామో కూడా చెబుతారు.

ఈ జుమా నాడు చివరి వరుసలో కొత్త మనిషి కనబడితే ఆగి సలాం చెప్పి, ఏ ఊరని అడుగుదాం. వీలైతే ఒక కప్పు చాయ్ తాగిద్దాం. అల్లాహ్ మనందరికీ ఆ సద్బుద్ధి ప్రసాదించుగాక! ఆమీన్.